పేచీ ఎంచుకున్న చదువు

పేచీ అన్న పేరు ఆ అమ్మాయికి ఊరికే రాలేదు. చిన్నప్పుడు బళ్ళో టీచరు ఏడెనిమిదులు యాభయ్యారు అని చెబితే, పిల్లలంతా పాట పాడినట్టు వల్లించారు గాని తను మాత్రం "ఎందుకు?" అంది. అగ్గిపుల్లలు పరిచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాక గాని ఒప్పుకోలేదు. అలాగని పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కాదు. నాలుగో కాలు చూపిస్తే ఒప్పుకునేది. కాకపోతే చూపించాలి.

తండ్రి పోయాక తల్లీ కూతుళ్ళిద్దరినీ మామయ్యే ఆదుకున్నాడు. తన ఇంటి పైభాగంలో రెండు గదులిచ్చాడు, మేనకోడలితో గణితంలో డిగ్రీ చదివించాడు. డిగ్రీ అయ్యాక "సెలవుల్లో ఊరికే కూర్చోవడమెందుకే, ఆఫీసుకి రా" అన్నాడు. ఆ సెలవులు నాలుగేళ్ళు సాగాయి. ఇప్పుడు పేచీకి ఇరవయ్యారేళ్ళు.

మామయ్య ఆఫీసు పైచదువుల సలహా కేంద్రం. కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండో అంతస్తులో మూడు గదులు. ముందుగదిలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, మూలన మంచినీళ్ళ డబ్బా, గోడ నిండా నవ్వుతున్న ఫొటోలు. ప్రతి ఫొటో కిందా చదివిన కోర్సూ, దొరికిన ఉద్యోగమూ రాసి ఉండేవి. మామయ్యను ఎరిగినవాళ్ళంతా గ్యారంటీ మామయ్య అనేవారు. సీటు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ, సాయంత్రం వాన పడదు గ్యారంటీ. ఆ మాట లేకుండా ఆయన వాక్యానికి చుక్క పడేది కాదు.

ఆ మధ్య ఆఫీసుకొచ్చేవాళ్ళలో సగం మంది క్వాంట్ చదువుల గురించే అడుగుతున్నారు. షేరు ధర రేపు ఎంత ఊగిసలాడొచ్చు, ఏ అప్పు మునగొచ్చు, ఏ బీమాకి ఎంత వసూలు చేయాలి, ఇలాంటివి గణితంతో అంచనా కట్టేవాళ్ళని క్వాంట్లంటారు. దానికి అక్కడ రెండు దార్లున్నాయి. ఒకటి గాజు కాలేజీలో ఏడాది పాటు ఫైనాన్షియల్ ఇంజనీరింగ్. ఆ కాలేజీకి వేరే పేరున్నా, నేల నుంచి కప్పు దాకా అద్దాలే కాబట్టి అందరూ గాజు కాలేజీ అనే అనేవాళ్ళు. రెండోది పాత యూనివర్సిటీ గణితశాఖలో రెండేళ్ళ మ్యాథమెటికల్ ఫైనాన్స్. గాజు కాలేజీలో చేర్పించిన ప్రతి విద్యార్థికీ మామయ్యకు కమీషన్ ముట్టేది. అందులో దాపరికమేమీ లేదు. పాత యూనివర్సిటీ వాళ్ళకి కమీషన్ సంగతి దేవుడెరుగు, పంచడానికి కరపత్రం కూడా లేదు.

నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలకు దరఖాస్తులు రాసిపెట్టిన పేచీ, ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు తన దరఖాస్తులు తనే రాసుకుంది. రెండు చోట్లకీ పంపింది.

గాజు కాలేజీ నుంచి జవాబు ముందొచ్చింది. అదీ మామయ్యకే వచ్చింది. ఆయన అద్దాల క్యాబిన్‌లోంచి బాణంలా దూసుకొచ్చాడు.

"ఏమే, నాతో ఒక్క ముక్క చెప్పకుండానా! సీటిచ్చారు. ఫీజు కూడా మాఫీ. ఎందుకో తెలుసా? నా మేనకోడలివని!"

"ఊరికే ఇస్తున్నారా మామయ్యా?"

"ఊరికే ఎవరిస్తారు? నీ ఫొటో వాళ్ళ బ్రోషరు మీద వేసుకుంటారు. రెండు మూడు సభల్లో నాలుగు మంచి మాటలు చెబుతావు. అంతే! పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు గాని, మన పెరటిచెట్టునే జనానికి చూపిద్దాం."

పేచీ చేరననీ అనలేదు, చేరతాననీ అనలేదు. కాదనకపోతే ఒప్పుకున్నట్టేనని మామయ్య లెక్క.

ఆ వారమే ఆయన ఆమెకు ఇంకో పని అప్పగించాడు. గోడ మీద ఫొటోలు పాతబడ్డాయి, గాజు కాలేజీలో చదివినవాళ్ళందరికీ ఫోన్ చేసి ఇప్పుడెక్కడ ఏం చేస్తున్నారో కనుక్కోమన్నాడు. పేచీ ఫోన్ పెట్టుకుని కూర్చుంది. మొదట బుగ్గసొట్టల కుర్రాడికి చేసింది. అతని ఫొటో కింద 'క్వాంటిటేటివ్ ఎనలిస్టు, పెద్ద బ్యాంకు' అని ఉంది.

"అక్కా, నువ్వా! నా ఫొటో ఇంకా గోడ మీదే ఉందా?"

"నిక్షేపంగా ఉంది. ఉద్యోగం మారిందా, అదే రాయమంటావా?"

"హోదా అదే. పని మాత్రం అడక్కు."

"అదే అడుగుతున్నా."

అవతల కుర్రాడు నవ్వాడు, కానీ ఆ నవ్వులో పస లేదు. "పొద్దున్నే వెళ్ళి, కంప్యూటర్లు కక్కిన అంకెల్ని పట్టీల్లోకి ఎక్కించి, ఎరుపూ పచ్చా రంగులేసి, బాసులొచ్చేసరికి టేబుళ్ళ మీద పెడతా. అవి ఎలా వచ్చాయో నాకు తెలీదు. అడిగితే నీకెందుకయ్యా అంటారు. ఏడాదిలో బోలెడు సబ్జెక్టులు చెప్పారక్కా మాకు. రైలు కిటికీలోంచి ఊళ్ళు చూసినట్టు చూశాం. ఒక్క ఊళ్ళోనూ దిగలేదు."

తరవాత చేసిన అమ్మాయి మంచి హుషారుగా ఉంది. షేర్ల కంపెనీలో ధరలు కట్టే విభాగంలో పని, చేతినిండా జీతం. "కోర్సు బాగానే ఉంది. కానీ నేను చేరకముందే మూడేళ్ళు ప్రోగ్రామింగ్ ఉద్యోగం చేసి వచ్చాను. వాళ్ళు నాకు తలుపు చూపించారు. నడక నాకు ముందే వచ్చు. మా క్లాసులో నడక కూడా వాళ్ళే నేర్పుతారనుకుని వచ్చినవాళ్ళు చాలామంది ఇబ్బంది పడ్డారు."

మూడోవాడు తండ్రి ఫర్నిచర్ దుకాణంలో కూర్చున్నాడు. "స్వయం ఉపాధి అని రాసుకో అక్కా. అబద్ధం కాదుగా! సోఫాల ధర ఎంత ఊగిసలాడుతుందో కనిపెడుతున్నా" అని పగలబడి నవ్వాడు.

రెండ్రోజులు ఫోన్లు చేసి పేచీ క్యాబిన్‌లోకి వెళ్ళింది. మామయ్య కొత్త బ్రోషరు అచ్చు నమూనా చూసుకుంటున్నాడు. నూటికి తొంభయ్యయిదు మందికి ఉద్యోగాలు అని పైన ఉంది. దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో సగటు జీతం ఉంది.

"మామయ్యా, వీళ్ళలో క్వాంట్ పని చేస్తున్నవాళ్ళు నలుగురికి ఒక్కరు కూడా లేరు."

"ఉద్యోగాలు లేవా?"

"ఉన్నాయి."

"సగటు జీతం నేను కల్పించానా? కాలేజీ వాళ్ళు కట్టిచ్చిందే. కావాలంటే కూడి భాగించుకో."

పేచీ కూడింది, భాగించింది. సరిపోయింది.

"మరి ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు" అన్నాడు మామయ్య. ఎక్కడో తిరకాసుంది, అది చేతికి దొరకడం లేదు. ఆ అంకెను నెమరేసుకుంటూనే ఇంటికెళ్ళింది.

జవాబు పాత యూనివర్సిటీలో దొరికింది. ఇంటర్వ్యూకి రమ్మని కబురొస్తే, పంటి నొప్పి అని చెప్పి వెళ్ళింది. గణితశాఖ మెట్లు అరిగిపోయి మధ్యలో గుంటలు పడ్డాయి. వరండా కిటికీల్లో ఒక్కటీ సరిగా మూతపడదు. గదిలో నల్లబల్ల ముందు తెల్లజుట్టు ప్రొఫెసరు ఒకావిడ, రెండు మోచేతుల దాకా సుద్దపొడితో నిలబడి ఉంది. దరఖాస్తు వైపు కన్నెత్తి చూడలేదు.

"ఒక ఆట చెబుతాను. నాణెం ఎగరేస్తాం. బొమ్మ పడితే మీ దగ్గరున్న సొమ్ముకి సగం కలుస్తుంది, వంద నూటయాభై అవుతుంది. బొరుసు పడితే నూటికి నలభై పోతుంది, అరవై మిగులుతుంది. నాణెంలో మోసం లేదు. ఉన్నదంతా పెట్టి రోజూ ఆడతారా?"

"ఆడతానండీ. నూటయాభైకీ అరవైకీ సగటు నూటఅయిదు. ప్రతి ఆటకీ నూటికి అయిదు లాభమే కదా."

"అయితే నలుగురితో రెండేసి ఆటలు ఆడించండి." సుద్దముక్క ఆమె చేతికొచ్చింది.

పేచీ బల్ల మీద వేసింది. రెండుసార్లూ బొమ్మ పడ్డవాడికి రెండొందల పాతిక. ఒకసారి బొమ్మ, ఒకసారి బొరుసు పడ్డవాళ్ళు ఇద్దరు. వాళ్ళ దగ్గర తొంభై చొప్పున మిగిలింది. రెండుసార్లూ బొరుసు పడ్డవాడి దగ్గర ముప్ఫయ్యారు.

"చూశారా, సగటు నూటపది దాటింది!" అంది గెలిచినట్టు.

"ఎవరి సగటు?"

"అందరిదీనండీ."

"ఆ అందరిలో ఒకర్ని చూపించండి."

పేచీ వాదించింది. ఆటలు పెరిగే కొద్దీ సగటు పెరుగుతూనే ఉంటుందంది. అది నిజమే, ప్రొఫెసరు కాదనలేదు. పేచీ ఇంకో బల్ల నిండా అంకెలు వేసింది, చెరిపింది, మళ్ళీ వేసింది. బయట వరండాలో తర్వాతి అభ్యర్థి దగ్గడం మొదలుపెట్టాడు. చివరికి పేచీ సుద్దముక్క కింద పెట్టి, బల్లకి రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడింది.

"నేను చెప్పింది తప్పండీ. నలుగురిలో ముగ్గురు నష్టపోయారు. ఆ ఒక్కడి అదృష్టాన్ని నలుగురికీ పంచి సగటంటున్నాను. నేను ఆడితే చాలావరకు ఆ ముగ్గురిలోనే ఉంటాను." ఆ మాట అంటుండగానే ఆమె ముఖం ఎర్రబడింది. "మా మామయ్య బ్రోషరులో అంకె కూడా ఇదేనండీ."

ఏ మామయ్య, ఏ బ్రోషరు అని ఆవిడ అడగలేదు. "తప్పు చేశారు. అరగంట సేపు దాన్ని వదల్లేదు. కానీ తప్పెక్కడుందో మీరే పట్టుకున్నారు. రండి, సీటిస్తాను" అంది.

ఇంకొకరైతే దణ్ణం పెట్టి బయటపడేవాళ్ళు. పేచీ కదల్లేదు. "ఇక్కడ చదివితే ఉద్యోగం వస్తుందాండీ?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. "గ్యారంటీ ఏమీ లేదు. ప్లేస్‌మెంట్ ఆఫీసు ఒకటుండేది. గుమాస్తా రిటైరయ్యాక ఆ గదిలో విరిగిన కుర్చీలు పెట్టుకుంటున్నాం. చేరినవాళ్ళలో కొందరు మొదటి ఏడాదే పారిపోతారు. నిలబడ్డవాళ్ళకి ఆలస్యంగానైనా పనులు దొరుకుతున్నాయి. చేసే పనేమిటో వాళ్ళకి అర్థమవుతుంది. అంతవరకే చెప్పగలను. డిగ్రీ పిల్లలకి ట్యూటోరియల్ క్లాసులు చెబితే మీకు ఫీజుండదు."

ఆ సాయంత్రం పేచీ ఇంట్లో అందరి ముందూ చెప్పేసింది. మామయ్య సోఫాలో ఉన్నాడు, అమ్మ గుమ్మం దగ్గర, అత్తయ్య భోజనాల బల్ల మీద ఆఫీసు కాగితాలు సర్దుతూ ఉంది.

"పాత యూనివర్సిటీలో చేరుతున్నా మామయ్యా. గాజు కాలేజీ వాళ్ళకి వద్దని చెప్పెయ్."

మామయ్య ముందు నవ్వాడు. నవ్వుకి ఎవరూ తోడు రాకపోయేసరికి లేచి నిలబడ్డాడు. "రెండేళ్ళా! ఆ బూజుపట్టిన బిల్డింగులో రెండేళ్ళు! బయటికొచ్చేసరికి నీకు ఇరవయ్యెనిమిది."

"రెండేళ్ళు గడిస్తే ఇరవయ్యెనిమిది ఎలాగూ వస్తాయి మామయ్యా. చదివినా వస్తాయి, చదవకపోయినా వస్తాయి."

"వాళ్ళకి మాటిచ్చాను!"

"నన్నడక్కుండా ఇచ్చావు."

"ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకు చూసుకుంటే, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా?"

"లెక్కపెట్టడమే కదా మామయ్యా నాకొచ్చిన పని."

"నోర్ముయ్!" అంది అమ్మ. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. "అన్నయ్య లేకపోతే మనం ఏమైపోయేవాళ్ళం? ఆయన మాట వినడం నీకంత బరువైపోయిందా?"

పేచీకి కళ్ళు చెమర్చాయి. "మామయ్య చేసినదానికి ఏం చెయ్యమన్నా చేస్తానమ్మా. ముసలితనంలో నేనే చూసుకుంటా. కానీ నా చదువు ఆయనకి బాకీ తీర్చే వస్తువు కాదు." మామయ్య వైపు తిరిగింది. "ఆదివారం గాజు కాలేజీ కోసం నువ్వు పెట్టే సభలో నా పేరు చెప్పకు. చెబితే అక్కడే కాదంటాను. తర్వాత ముందే చెప్పలేదనకు."

పేచీ పెట్టడం దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు, రెండ్రోజుల్లో అదే తగ్గుతుందని మామయ్య అనుకున్నాడు.

ఆదివారం అద్దె హాలు కిటకిటలాడింది. మడతకుర్చీలన్నీ నిండిపోయి, కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. తల్లిదండ్రులు ఒళ్ళో ఫైళ్ళు, పిల్లలు చేతుల్లో ఫోన్లు పెట్టుకున్నారు. గాజు కాలేజీ తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పేచీ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటోంది. తెర మీద సగటు జీతం వెలిగింది. హాలంతా ఆ అంకెకేసి ఆవురావురుమంటూ చూసింది.

"ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?" అన్నాడు మామయ్య మైకులో. "నా సొంత మేనకోడలు, గణితంలో ఫస్టు క్లాసు, ఈ ఏడు ఈ కోర్సులోనే చేరుతోంది! ఏదమ్మా, ఇలా రా!"

చప్పట్లు మోగాయి. పేచీ పెన్ను మూత పెట్టి, కుర్చీల మధ్య దారిలోంచి నడిచి వెళ్ళింది. మైకు అందుకుంది. మాట తిన్నగానే వచ్చింది.

"మామయ్య పొరబడ్డారండీ. నేను ఈ కోర్సులో చేరడం లేదు. పాత యూనివర్సిటీలో చేరుతున్నాను."

హాల్లో గుసగుసలు లేచాయి. బుర్రమీసాలున్న ఒకాయన లేచి, "అంటే మీ మామయ్య మాకు అబద్ధాలు చెబుతున్నాడనా?" అన్నాడు.

"కాదండీ. ఆ తెర మీదున్న ప్రతి అంకె కూడా నిజమే. నేనే కూడి చూశాను." ప్రొఫెసరు చెప్పిన నలుగురు మనుషుల లెక్క వాళ్ళకీ చెప్పింది. ఒకడికి రెండొందల పాతిక, ఇద్దరికి తొంభై, ఒకడికి ముప్ఫయ్యారు. "సగటు నూటపది. ఆ నూటపది ఎవరి జేబులోనూ లేదు. అందుకని సగటు అడక్కండి. జీతాలన్నీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా పేర్చి, సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడికెంతో అడగండి. వాడు రోజూ చేసే పనేమిటో అడగండి. నేను ఫోన్ చేసి అడిగాను. చాలామంది వేరేవాళ్ళ అంకెలకి రంగులేస్తున్నారు."

టై కట్టుకున్నాయన మైకువాడికి సైగ చేశాడు. మైకు చచ్చిపోయింది. పేచీ దాన్ని బల్ల మీద పెట్టి గొంతు పెంచింది. "ఈ కోర్సు చెడ్డదని నేననను. ప్రోగ్రామింగ్ ముందే వచ్చి, ఏం కావాలో తెలిసి, తొందరగా పనిలో పడాలనుకునేవాళ్ళకి మంచిదే. అలాంటి అమ్మాయితోనూ మాట్లాడాను, హాయిగా ఉంది. నాకు మాత్రం కాదు. అంతే."

వెనక వరసలోంచి ఒక తల్లి విసుగ్గా అడిగింది. "ఇంత గోలెందుకమ్మా? ఉద్యోగం వస్తుందా, రాదా?"

"వస్తుందండీ. ఏ ఉద్యోగమో నాకు తెలీదు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే కొందరు లేచి వెళ్ళిపోయారు. కొందరు, ఇదేదో మేనమామా మేనకోడళ్ళ ఇంటి గొడవ, మనకెందుకని దరఖాస్తులు తీసుకున్నారు. బుర్రమీసాలాయన మాత్రం టై ఆయన దగ్గరికి వెళ్ళి, మధ్యలోవాడి జీతమెంతో తేల్చమని నిలదీశాడు. ఆయన "మెయిల్ చేస్తామండీ, మెయిల్ చేస్తాం" అంటూ టై వదులు చేసుకున్నాడు.

కుర్చీలన్నీ మడిచి, తెర చుట్టి, హాలు ఖాళీ అయ్యాక మామయ్య అన్నాడు. "రేపట్నుంచి ఆఫీసుకి రాకు."

"సరే మామయ్యా."

"ఇల్లు మీ అమ్మకిచ్చాను. నీ సంగతి నువ్వు చూసుకో."

"సరే."

కాళ్ళ మీద పడుతుందని ఆయన ఎదురుచూశాడేమో. ఆమె మిగిలిన బ్రోషర్ల కట్ట ఎత్తి ఆటోలో పెట్టి, తను నడిచి వెళ్ళింది.

హాస్టల్‌కి బయల్దేరే రోజు అమ్మ మాట్లాడకుండా బట్టలు మడిచి పెట్టెలో పెట్టింది. ఒక్కొక్క మడతా పెట్టెకేసి కొట్టినట్టు పెట్టింది గాని, ఇస్త్రీ మాత్రం చెడనివ్వలేదు. అత్తయ్య కిందనుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మామయ్య ఇంట్లో లేడని చూసుకుని మెల్లగా అంది. "ఆ సగటు నాలుగేళ్ళుగా నేనే టైపు చేస్తున్నానే. ఏదో తేడాగా ఉందని అనిపించేది. నోరు పెగల్లేదు." పేచీ అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

ఇక కథ సుఖంగా సాగిందంటే అబద్ధమే. గణితశాఖలో క్లాసు పిల్లలంతా ఆమెను అక్కా అనేవాళ్ళు. లెక్కల్లో మాత్రం ఆ అక్క కన్నా వాళ్ళే ముందుండేవాళ్ళు. పొద్దున తను చదువుకోవాలి, మధ్యాహ్నం డిగ్రీ పిల్లలకి చెప్పాలి. ధరలు గాలికి ఊగే తీరును గణితంలో పట్టుకునే సబ్జెక్టు ఒకటుంది, ఆ శాఖలో అందర్నీ ఏడిపించేది అదే. మొదటి పరీక్షలో పేచీ దాంట్లో తప్పింది. మామూలుగా తప్పడం కాదు, బోర్లాపడింది.

విషయం ఎలా తెలిసిందో ఏమో, అమ్మ ఫోన్ చేసింది. సభ జరిగాక అదే మొదటిసారి ఆమె తనంత తానుగా చెయ్యడం.

"తప్పావటగా?"

"తప్పానమ్మా. నిజమే."

"అన్నయ్య అంటున్నాడు, గాజు కాలేజీ వాళ్ళు ఇప్పటికైనా సీటిస్తారట. ఒక్క ఫోన్ చాలట."

"వద్దు. మళ్ళీ రాస్తాను."

"మళ్ళీ తప్పితే?"

"మళ్ళీ రాస్తాను."

"అప్పుడూ తప్పితే?"

"పరీక్ష పెట్టేవాళ్ళు విసుగెత్తి మానెయ్యాలి గాని, నేను మాననమ్మా."

అవతల్నుంచి, ఆపుకుందామన్నా ఆగని నవ్వొకటి వినిపించింది. "మీ నాన్న కూడా ఇంతే" అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత వారం వారం ఫోన్ చేసేది. పరీక్ష ఊసెత్తేది కాదు. తిన్నావా, పడుకున్నావా, జుట్టు రాలుతోందా, ఇవే అడిగేది.

పేచీ తెల్లజుట్టు ప్రొఫెసరు గదికి వెళ్ళి పుస్తకం మొదటి పేజీ తెరిచింది. "ఇక్కణ్ణుంచి అర్థం కాలేదండీ" అంది. "అయితే ఇక్కణ్ణుంచే కూర్చుందాం" అంది ఆవిడ. రెండోసారి పరీక్షలో గట్టెక్కింది. పాసు మార్కుల మీద రెండే ఎక్కువొచ్చాయి. ఆ రెండు మార్కుల్నీ ఎవరి దయా కాదన్నట్టు చూసుకుని మురిసిపోయింది.

చదువయ్యాక ఉద్యోగాలు పళ్ళెంలో పెట్టి ఎవరూ ఇవ్వలేదు. ఒక బ్యాంకులో ఇంటర్వ్యూ చేసిన కుర్రాయన గాజు కాలేజీ పాత విద్యార్థే. "ఇక్కడికి నేను ఏడాదిలో వచ్చాను. మీకు రెండేళ్ళెందుకు పట్టింది?" అన్నాడు. "మీరొచ్చిన చోటికి నేను రావాలనుకోలేదండీ" అంది పేచీ. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాతిదీ రాలేదు. తోటివాళ్ళు ఇద్దరు, "కొంచెం తగ్గక్కా, ఇంటర్వ్యూలో కూడా పేచీయేనా" అని బతిమాలారు. ఆమె కొంచెం తగ్గి చూసింది. ఆ ఉద్యోగం కూడా రాలేదు. తగ్గినా రానప్పుడు తగ్గడమెందుకని మానేసింది.

చివరికి ఒక బీమా కంపెనీలో పని దొరికింది. వేరేవాళ్ళు కట్టిన అంచనాల్లో తప్పులు వెతికే విభాగం అది. ఇంటర్వ్యూలో ఒక లెక్కిచ్చి, ఇది సరైందేనా అని అడిగారు. "నాకింకా తెలీదండీ, రేపటిదాకా టైమివ్వండి" అంది. మర్నాడు తప్పులు పట్టుకుని వెళ్ళింది. లెక్క చేస్తూ తను మొదట ఎక్కడ పొరబడిందో కూడా కలిపి చెప్పింది. పేచీలు పెట్టినందుకు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఒకటుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

చేరిన కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం మామయ్య ఫోన్ చేశాడు. అన్నాళ్ళ తర్వాత ఆ గొంతు వినగానే పేచీ మీటింగ్ గదిలోంచి లేచి నడవాలోకి వచ్చింది.

"ఏమే, బాగున్నావా?"

"బాగున్నాను మామయ్యా. నువ్వు?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. మీ అమ్మ చెప్పింది నీ జీతం. నా గోడ మీద సగం మందికి నీకన్నా ఎక్కువొస్తోంది."

"వస్తోంది. మంచిదేగా."

"మరి అంత రచ్చ చేసి ఏం సాధించావే?"

పేచీ గోడకి ఆనుకుంది. ఎదురుగా తలుపు అద్దంలోంచి గదిలో ముగ్గురు పెద్దవాళ్ళు కాగితాలు ముందేసుకుని తనకోసం చూస్తుండటం కనిపిస్తోంది. "నా బల్ల మీదికొచ్చిన ఏ అంకైనా ఎలా వచ్చిందో చెప్పగలను మామయ్యా. చెప్పలేకపోతే ఎవరెంత పెద్దవాళ్ళయినా తిప్పి పంపగలను. నాకు కావలసింది అదే."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకో ఆఫీసు తెరుస్తున్నా. నువ్వొచ్చి కూర్చో. జనానికి నీకు తోచిందే చెప్పుకో, నేనడ్డు రాను. జీతం ఇప్పుడొచ్చేదానికి డబల్."

ఆయన అలా దిగివస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఒక్క క్షణం మనసు కరిగింది. కానీ కరిగినంత మాత్రాన దారి మారలేదు.

"నువ్వు అడిగినందుకే సంతోషం మామయ్యా. నేను రాను. నాకిక్కడ పనుంది."

"పొగరు."

"అవును మామయ్యా."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. "అన్నం తిన్నావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"తిను. మాడి చావకు" అని అప్పుడు పెట్టేశాడు.

పేచీ కళ్ళు తుడుచుకుని గదిలోకి వెళ్ళింది. బల్ల మీద ఉన్న అంచనా ఆమె రెండుసార్లు తిప్పి పంపినది. దాన్ని కట్టిన ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీసి, అలసిపోయిన గొంతుతో అడిగాడు. "మూడోసారి కూడా కాదంటారా?"

పేచీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాదనే అంటానండీ. పదో పేజీ తెరవండి."